డిపాజిట్టు కట్టిన వేషం ఉరకదు

ఆగస్టు 15 వస్తోందన్నా, కృష్ణాష్టమి వస్తోందన్నా, నవంబరు 14 వస్తోందన్నా కర్నూలు, అనంతపురం, కడప ఊళ్లలో బడిపిల్లల వేషాల పోటీలకు డ్రెస్సులు బాడుగకిచ్చే అంగళ్లకు గిరాకీ పెరుగుతుంది. నెమలిపింఛం, పిల్లనగ్రోవి, అంచు మెరిసే పాలియెస్టరు పంచె, భారతమాత కిరీటం, గాంధీగారి గుండుకు రబ్బరు తొడుగు. బాడుగ వేరు, డిపాజిట్టు వేరు. చిరిగినా మరకపడినా డిపాజిట్టులో కోత. అందుకే ఆ వేషం ఒంటిమీదికి ఎక్కిన దగ్గర్నుంచి పిల్లకాయలకు వినబడే మాటలు మూడే: కూర్చోవద్దు, కింద పడొద్దు, ఉరకొద్దు. గంటా రెండు గంటలు వరుసలో నిలబడి, మైకు ముందు బట్టీపట్టిన రెండు వాక్యాలు అప్పజెప్పి, లేదంటే ఏడ్చేసి దిగితే పోటీ ముగిసినట్టే. బహుమతి చాలాసార్లు అమ్మ ఓపికకో నాన్న జేబుకో వస్తుంది. పిల్లకు మిగిలేది మెడ దగ్గర జరీ గీరిన దురద.

వేషం వద్దని నేననను. వేషమంటే ఇష్టంలేని ఆరేళ్ల పిల్ల ఎక్కడుంది? నేననేది ఒక్కటే. పిల్లలు కట్టే వేషానికి ఆటలో ఒక పని ఉండాలి. దాన్ని విప్పేస్తే ఆట ఆగిపోవాలి. విప్పినా ఏమీ మారకపోతే అది అలంకారం. అలంకారానికి పెళ్లిళ్లున్నాయి.

మన సీమలో వేషం ఏనాడూ ఊరికే నిలబడలేదు. పీర్ల పండగకు పులి వేషం కట్టినవాడు తప్పెట మోగితేనే పులి, మోగకపోతే పసుపు రంగు పూసుకున్న మనిషి. పగటివేషాల్లో అర్ధనారీశ్వరుడు ఈ పక్క తిరిగితే శివుడు, ఆ పక్క తిరిగితే పార్వతి. తిరగడం మానేస్తే ఆ వేషమే లేదు. చెక్కభజన చేసేవాళ్ల గజ్జెలు అడుగు పడితేనే పలుకుతాయి. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో చేసే తోలుబొమ్మకు సైతం చేతులు కీళ్ల దగ్గర విడివిడిగా కడతారు, తెర మీద ఆడాలి గదా. తోలుబొమ్మకు ఇచ్చిన ఆ వీలు ఎల్‌కేజీ కృష్ణుడికి మనం ఇవ్వడం లేదు.

ఆటకు పనికొచ్చే వేషానికి మూడు పరీక్షలు. మొదటిది, పెద్దవాళ్ల చెయ్యి పడకుండా పది సెకన్లలో ఒంటిమీదికి రావాలి. గుండీలు, పిన్నీసులు, వెనక ముడులు ఉంటే రాదు. రెండోది, వేసుకున్నాక మోకాళ్లు నడుం దాకా ఎత్తి ఉరకగలగాలి. చీలమండ దాకా జారే లంగా, పంచె ఇక్కడే పోతాయి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ఎవరైనా పట్టి గుంజితే వేషం ఊడి చేతికి రావాలి, పిల్ల మాత్రం పడకూడదు.

ఈ మూడోది చాలామందికి తట్టదు. సూపర్‌మ్యాన్‌కు వెనక వేలాడే గుడ్డ, రాజుగారి ఉత్తరీయం, మెడలో పూసల దండ, గడ్డం కింద కట్టిన టోపీ తాడు, ఇవన్నీ ఒక చేతికో కొమ్మకో చిక్కితే మెడకు ఉరి. జారుడుబల్ల దగ్గర మరీ ప్రమాదం. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 1996లో పిల్లల పైదుస్తులకు మెడ దగ్గర, టోపీ దగ్గర లాగుడు తాళ్లు పెట్టొద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. అక్కడి మాట అటుంచినా, మన వీధిలో సర్కారు తుమ్మ కొమ్మ చాలు. వీపు మీద గుడ్డ కావాలంటే భుజాల దగ్గర రెండు వెల్‌క్రో ముక్కలు కుట్టి చొక్కాకు అంటించండి. అరంగుళం ముక్క చాలు, గుంజితే చర్రున ఊడుతుంది. రెండంగుళాలు పెడితే ఊడదు. అప్పుడు మళ్లీ మొదటికే వస్తాం.

ఇక ఆటలు. నాకు అన్నిటికన్నా గట్టిదనిపించేది పులిజూదమే, కాకపోతే బండ మీద గీసుకుని చింతపిక్కలతో ఆడేది కాదు, ఒళ్లొంచి ఆడేది. గీతల మీద ఆడే ఆటలో ఎక్కువచోట్ల మూడు పులులు, పదిహేను మేకలు. ఇక్కడా అంతే, పద్దెనిమిది మంది పిల్లలు. చోటు 15 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. చుట్టూ సుద్దపొడితో గీత. ఆ గీతకూ గోడకూ మధ్య కనీసం రెండు మీటర్లు వదలాలి. లేదంటే మేకలన్నీ వీపు గోడకు ఆనించి నిలబడతాయి, ఆట అక్కడితో సరి.

వేషం తోకే. పాత నూలు చీర నుంచి 60 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు చించండి. చీర పన్నా 115 సెంటీమీటర్ల చిల్లర ఉంటుంది కాబట్టి 60 సెంటీమీటర్ల ముక్కకు ఇరవై మూడు పట్టీలు వస్తాయి. ముక్కలు రెండయితే పద్దెనిమిది మందికి తలా రెండు తోకలు పోను ఇంకా పది మిగులుతాయి. నైలాను, పాలియెస్టరు చీర వద్దు, నున్నగా ఉండి ఉరికేటప్పుడు తనంతట తనే జారిపోతుంది. "నేను పీకలేదు, అదే పడింది" అని పంచాయితీ మొదలవుతుంది. రాయదుర్గం వైపు జీన్సు కుట్టేచోట మిగిలే గుడ్డ ముక్కలు ఊరికే దొరికినా తోకకు కాస్త బరువే. వాటిని తలపట్టీలకు వాడుకోవచ్చు.

తోకలో 15 సెంటీమీటర్లు నిక్కరు పట్టీలోకి వెనకవైపు దోపాలి, 45 బయట వేలాడాలి. ఆరేడేళ్ల పిల్లకు అది మోకాలు దాటి పిక్క దాకా వస్తుంది, నేలకు తగలదు. తగిలితే వెనకవాడు తొక్కుతాడు. ఇంకో మాట, తోకను మొలతాడుకు దోపనివ్వకండి, ముడి అసలే వెయ్యనివ్వకండి. నిక్కరు ఎలాస్టిక్ అయితే తోకను వదిలేస్తుంది. మొలతాడు వదలదు, తెగదు, నడుం కోస్తుంది. పిల్లలు గెలవాలనే పట్టుదలతో ముడి వేస్తారు, వాళ్ల తప్పు కాదు. ఆట మొదలయ్యే ముందు ఒకసారి అందరి వెనకా నడిచి ఒక్కో తోకా రెండు వేళ్లతో లాగి చూడండి.

మేకలకు తెల్ల తోకలు. పులులకు పసుపు తోకతో పాటు పసుపు తలపట్టీ. మూడు పులులూ ఎవరో పంటలు వేసి తేల్చుకుంటారు. పులి మేక తోక పీకితే ఆ మేక గీత అవతలికి పోయి, అక్కడ పెట్టిన తోకల కుప్ప దగ్గర పదిసార్లు ఒంటికాలి మీద కుంటి, కొత్త తోక దోపుకుని తిరిగి వస్తుంది. "ఔటు" అని కూర్చోబెట్టకండి. ఔటు చేసే ఆటల్లో నెమ్మదిగా ఉరికేవాడు మొదటి నిమిషంలోనే బయటికి పోయి చివరిదాకా చూస్తూ కూర్చుంటాడు. ఉరకడం ఎవరికి ఎక్కువ అవసరమో వాడికే ఆట తక్కువ అందుతుంది. అలాంటి ఆటలు బడుల్లో ఇంకా ఎందుకు ఆడిస్తారో నాకు అర్థం కాదు.

మేకలకూ ఆయుధం ఉండాలి గదా. బండ మీద ఆటలో మేకలు పులిని చుట్టుముట్టి కట్టేస్తాయి. ఇక్కడ ముగ్గురు మేకలు చేతులు చాపి పులి చుట్టూ రెండడుగుల దూరంలో నిలబడి "కట్టు!" అని ఒక్కసారే అరిస్తే పులి ఆగిపోవాలి. అది తన తలపట్టీ తీసి, కట్టిన ముగ్గురిలో చివరగా వచ్చిన మేకకు ఇస్తుంది. ఆ క్షణం నుంచి ఆ మేకే పులి. వేషం చెయ్యి మారితే బలం చెయ్యి మారుతుంది, ఈ ఆటకు ప్రాణం అక్కడుంది. తలపట్టీ లేకపోతే పద్దెనిమిది మంది గుంపులో ఎవరు పులో ఎవరికీ తెలియదు. చివరగా వచ్చినవాడికే పట్టీ ఇవ్వడానికి కారణముంది. మొదట వచ్చేవాడు ఎప్పుడూ ఉరుకుడు ఎక్కువున్న వాడే అవుతాడు, వాడికే ఇస్తే పులి పదవి ఆ నలుగురి మధ్యే తిరుగుతుంది.

కట్టేటప్పుడు మేకలు చేతులు పట్టుకుని గొలుసు కట్టకూడదు. పులి ఆ చేతుల మధ్యలోంచి దూసుకుపోవాలని చూస్తుంది, మణికట్లు బెణుకుతాయి. అసలు ఐదేళ్ల లోపు పిల్లల చెయ్యి పట్టి గట్టిగా గుంజితే మోచేతి దగ్గర ఎముక కీలులోంచి కాస్త జారుతుంది, చెయ్యి ఎత్తలేక ఏడుస్తారు. అందుకే చాపిన చేతులు చాలు, తాకడం కూడా వద్దు. మిగతా కొంటెతనాలు మూడే ఉంటాయి: తోకను చేత్తో పట్టుకుని ఉరకడం, తోక పోతుందనగానే కింద కూర్చోవడం, తోక బదులు చొక్కా పట్టి ఆపడం. మూడింటికీ ఒకటే శిక్ష, తోక ఇచ్చేసి కుంటుకు పోవడం. ఏడు నిమిషాలకు ఒక ఆట, మూడు నిమిషాలు నీళ్లు. మూడు ఆటలు దాటితే అలసిపోయి ఒకరినొకరు గుద్దుకోవడం మొదలవుతుంది.

రెండోది మూట పరుగు: మూటలోని వేషం వేసుకుని ఉరికి వచ్చి, విప్పి తరవాతివాళ్లకు ఇవ్వడం. దీన్ని బడుల్లో ఆడిస్తూనే ఉన్నారు, కాకపోతే తప్పుగా. ముప్పై మందిని రెండు వరుసలు చేస్తారు. ఒక్కొక్కరికి 45 సెకన్లు పట్టినా పదిహేనో పిల్ల వంతు వచ్చేసరికి పది నిమిషాలు దాటుతుంది. పది నిమిషాలు ఎండలో నిలబడి, 45 సెకన్లు ఉరికి, మళ్లీ నిలబడటం. దీనికన్నా ప్రార్థన నయం. జట్టుకు ఐదుగురే ఉండాలి, ముప్పై మంది ఉంటే ఆరు మూటలు కట్టాలి. ఐదో పిల్ల కూడా మూడు నిమిషాలకే బయల్దేరుతుంది.

మూటలో నాలుగే వస్తువులు. ఒకటి, మగవాళ్ల పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, 40 సైజుది. గుండీలన్నీ కోసేసి ఛాతీ దగ్గర ఒక్కటంటే ఒక్క వెల్‌క్రో ముక్క. రెండు, లుంగీ. పెద్దవాళ్ల లుంగీ రెండు మీటర్ల పొడవు, 120 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. దాన్ని ఎత్తులో సగానికి కోస్తే 60 సెంటీమీటర్ల ఎత్తు ముక్కలు రెండు వస్తాయి, రెండు జట్లకు సరిపోతాయి. పైన ఎలాస్టిక్ ఎక్కించి పక్కన కుట్టేస్తే ఎనిమిదేళ్ల పిల్లకు చీలమండకు పైనే ఆగుతుంది. చుట్టుకొలత రెండు మీటర్లు ఉండనివ్వండి, చక్కగా కనబడదని బిగించి కుడితే అడుగు పెద్దది పడదు, బోర్లా పడతారు. మూడు, తలపాగా. ఏడేళ్ల పిల్లకు తలపాగా చుట్టుకోవడం రాదు, అందుకని ముందే చుట్టి కుట్టేసిన వలయం కావాలి. పాత తువ్వాల మెలిపెట్టి, లోపలి చుట్టు 54 సెంటీమీటర్లు వచ్చేలా, వెనక నాలుగు సెంటీమీటర్ల ఎలాస్టిక్ పెట్టి కుట్టండి. నాలుగు, చేతికర్ర. వెదురు వద్దే వద్దు, ఉరికే పిల్ల చేతిలో కర్ర పక్కవాడి కంటికి ఎదురుగా ఉంటుంది. నాలుగు దినపత్రిక కాగితాలు గట్టిగా చుట్టి టేపు వేస్తే అదే కర్ర.

గీత దగ్గర మొదటి పిల్ల వేషం వేసుకుని, 12 మీటర్ల దూరంలో ఇసుక పోసిన ప్లాస్టిక్ సీసాను చుట్టి వచ్చి, విప్పి రెండోవాడికి ఇస్తుంది. ఇటుక పెట్టకండి, లుంగీ తగిలి పడితే మోకాలు దానిమీదే పడుతుంది. జట్టులో మిగతావాళ్లు చేతులు కట్టుకుని ఉండక్కర్లేదు. విప్పేవాళ్లకు ఇద్దరు, తొడుక్కునేవాళ్లకు ఒకరు సాయం చెయ్యొచ్చు. తొందరలో చొక్కా లోపలిది బయటికి తిరగబడుతుంది, చేతులు లోపలే ఇరుక్కుంటాయి. మూట పరుగులో సగం సమయం ఇక్కడే పోతుంది. తిరగబడితే ఎవరు విప్పారో వాళ్లే సరిచేసి ఇవ్వాలని నియమం పెట్టండి. రెండో ఆటకే పిల్లలు ఉపాయం కనిపెడతారు: సాయం చేసేవాళ్లు రెండు చేతుల అంచులూ పట్టుకుంటే, విప్పేవాడు వెనక్కి రెండడుగులు వేస్తే చాలు, చొక్కా సరిగ్గా వచ్చేస్తుంది. ఇది ముందే చెప్పకండి. వాళ్లు కనిపెట్టినప్పుడు చూడాలి ఆ మొహాలు.

తరవాతిది పగటివేషం. దాగుడుమూతలకు దగ్గరి చుట్టం, ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు. ఆరుగురు చొప్పున రెండు జట్లు. రెండు చెట్ల మధ్య పాత దుప్పటి కట్టి ఒక జట్టు దాని వెనక్కి పోతుంది. అక్కడ చొక్కాలు, చున్నీలు, టోపీలు, చెప్పులు ఒకరివొకరు మార్చుకుంటారు. ఐదు నిమిషాలు గడువు. తరవాత ఒక్కొక్కరే తల మీద చున్నీ కప్పుకుని తెర దాటి ఎనిమిది మీటర్లు నడిచి రావాలి. ముసలమ్మలా వంగినా సరే, కుంటినా సరే, వేరేవాళ్ల నడక అనుకరించినా సరే, మాట్లాడకూడదు. ఎదుటి జట్టులో వంతు వచ్చినవాళ్లు ఐదు లెక్కపెట్టేలోగా పేరు చెప్పాలి. పేరు సరిపోతే వేషం వేసినవాళ్లు తెర దాకా ఉరకాలి, చెప్పినవాళ్లు తరమాలి. పేరు తప్పితే తిరగేసి, వేషం వేసినవాళ్లే తరుముతారు, చెప్పినవాళ్లు తమ గీతకు ఉరకాలి.

ఇందులో పట్టించేది మొహం కాదు, పాదాలు. కాళ్ల పట్టీలు, గోళ్ల రంగు, చెప్పుల అరుగుదల చూసి ఇట్టే చెప్పేస్తారు. రెండో విడత నుంచి చెప్పులు మార్చుకోవడం, పట్టీలు తీసి దాచడం మొదలవుతుంది. మూడో విడతకు పొట్టివాళ్లు మడమలెత్తి నడుస్తారు. నవ్వు ఆపుకోలేనివాళ్లను ఎవరూ కాపాడలేరు. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా పాటించాలి: పేరు పలకగానే ముందు చున్నీ కింద పడెయ్యాలి, ఆ తరవాతే ఉరకాలి. చున్నీ మొహం మీద ఉండగా ఉరికినవాళ్లు ఓడినట్టే లెక్క. ప్లాస్టిక్ మాస్కులను నేను ఏ ఆటలోనూ రానివ్వను, కారణం ఇదే. ఆ చిన్న కంతల్లోంచి ఎదుటిది కనబడుతుంది గానీ పక్కలు, కాళ్లకింద నేల కనబడవు, లోపల చెమట. పులికో కుందేలుకో చెవులు కావాలంటే తలపట్టీకి కుట్టండి.

వాన పడిన రోజుకు, లేదా కొద్దిమందే ఉన్న ఇంటికి కాగితం వేషం. ముగ్గురికి ఒక జట్టు, రెండు పాత దినపత్రికలు, ఒక టేపు, పది నిమిషాలు. ఒకరికి వేషం కట్టి వరండా ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు గంతులేయిస్తే చిరగకుండా ఉండాలి. దినపత్రిక కాగితాన్ని పైనుంచి కిందికి చించితే గీత గీసినట్టు తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చించితే వంకరపోతుంది. కాగితం పోగు పత్రిక పొడవునే ఉండటం వల్ల. కాబట్టి కుచ్చిళ్లు నిలువునా చించాలి, నడుం పట్టీ కూడా పత్రిక నిలువు పొడవులోనే నాలుగు మడతలు పెట్టాలి, బలం ఆ దిక్కునే. ఈ సంగతి చెప్పకుండా వదిలేస్తే మొదటి పట్టీ తుమ్మితే తెగుతుంది. చెమట ఒంటికి సిరా అంటుతుంది, పాత బనియను వేయించండి. ఆరుబయట మాత్రం ఇది పెట్టుకోవద్దు. అనంతపురం వైపు గాలికి గాలిమరలే తిరుగుతాయి, కాగితపు కిరీటం ఎంత.

అర్ధనారీశ్వరం ఇంకా సులువు. పెద్ద సైజు చొక్కా ఒకటి, ఇద్దరు పిల్లలు. ఒకరి కుడిచెయ్యి కుడి చేతిలోకి, ఇంకొకరి ఎడమచెయ్యి ఎడమ చేతిలోకి, ముందు గుండీ పెట్టకూడదు. అలా ఇద్దరూ కలిసి ఒక బంతిని బుట్టలో వెయ్యాలి, చెంబుతో నీళ్లు తేవాలి. ఎత్తుల్లో అరచెయ్యి కన్నా తేడా ఉంటే పొట్టివాళ్ల భుజం పైకి లాగుతుంది, జోడీలు చూసి కట్టండి.

నేల సంగతి. సీమ మైదానంలో పల్లేరుకాయలు లేని చోటు వెతకడం కన్నా వాటిని ఏరడం సులువు. పాత గొంగడినో గోనెసంచినో తడిపి, తాడు కట్టి, ఆడబోయే చోటంతా రెండుసార్లు ఈడ్చండి, పల్లేరుకాయలు దానికే గుచ్చుకుని వస్తాయి. తుమ్మ ముళ్లు మాత్రం చేత్తో ఏరాల్సిందే. ఇంట్లోనో బడి వరండాలోనో అయితే బేతంచెర్ల నాపరాళ్లో కడప బండలో పరిచి ఉంటాయి. పాలిషు బండ మీద సాక్సులతో ఉరకనివ్వకండి, వట్టి కాళ్లే మేలు. నీళ్ల బాటిళ్లు ఆ గదిలో పెట్టకండి, ఒక్కటి ఒలికిందంటే లుంగీ కొసతో తుడుస్తూ ఒకరు, జారుతూ ముగ్గురు.

ఎండ. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఎనిమిదిన్నర దాటితే ఈ ఆటలు వద్దు, సాయంత్రం ఐదున్నరకు ముందు వద్దు. దసరా సెలవులే అసలు అదును. బాడుగ వేషాల్లో చాలావాటికి గుడ్డ పాలియెస్టరు, చెమట పీల్చదు. మొహం ఎర్రబడి, తలనొప్పి అనో కడుపులో తిప్పుతోందనో పిల్ల అంటే ముందు వేషం విప్పండి, తరవాత నీడ, తడిగుడ్డ, నీళ్లు. తల్లులు ఫొటో కోసం వేషం విప్పకుండా రెండు నిమిషాలు ఆపుతారు చూడండి, అలా అప్పుడు మాత్రం ఆపకూడదు.

మొహానికి రంగు అంటే పెద్ద కథే. పాతకాలం నాటకాల వాళ్లు పచ్చ మొహానికి అర్దళం పూసుకునేవాళ్లు. అది ఆర్సెనిక్ ఉన్న ఖనిజం, ఎవరో తాతగారి పెట్టెలో దొరికిందని పిల్లలకు పూయకండి. పులి చారలకు ఇంటి గోడలకు వేసే ఎనామిల్ పెయింటూ, దాన్ని వదిలించడానికి కిరోసిన్ రుద్దడమూ పెద్దవాళ్ల ఒంటికే చెరుపు. చవకరకం కుంకుమలో ఏ రంగు కలిపారో తెలియదు, చెమటతో కంట్లోకి దిగితే మంట. కాటుకతో మీసాలు, బుగ్గ మీద మూడు చారలు, అంతే చాలు. అది కూడా ముందురోజు మణికట్టు లోపల చుక్క పెట్టి చూసి, దద్దు రాకపోతేనే. ఉరికే పిల్ల మొహం మీద ఏ రంగైనా పావుగంటకు చెరిగిపోతుంది కాబట్టి ఆట నియమం ఏదీ మొహం రంగు మీద ఆధారపడకూడదు.

ఇక ఎవరి వేషం వెయ్యొచ్చు అనేది. బడి పోటీల్లో ఎరుకలసాని, సుగాలీ పిల్ల, బిచ్చగాడు ఏళ్లుగా వస్తున్న వేషాలు. అనంతపురం, కర్నూలు జిల్లాల్లో తండాలు ఎన్నో ఉన్నాయి. ఆ తండా పిల్ల అదే తరగతిలో మూడో వరుసలో కూర్చుని ఉంటుంది. వాళ్లవ్వ రోజూ కట్టుకునే అద్దాల రవిక ఇంకో పిల్లకు నవ్వించే వేషమైతే ఈ పిల్ల ఆ రోజు ఇంటికి పోయి ఏమనుకోవాలి? పగటివేషాల్లో కులాల వేషాలు ఉండేవి కదా అంటారు. ఉండేవి, పెద్దవాళ్ల మధ్య, దొరను కూడా వదలకుండా ఎగతాళి చేసే ఆటలో. బడిలో దొర వేషం ఎవరూ వెయ్యరు. జంతువులు, పనిముట్లు, చెట్లు, దయ్యాలు, పోస్టుమాన్, బస్సు కండక్టరు, ఇన్ని ఉండగా పక్కింటివాళ్లను వేషం చేసుకోవాల్సిన అవసరం లేదు. కండక్టరు సంచీ ఒక్కటి తగిలిస్తే ఎన్ని ఆటలు పుడతాయో, కాకపోతే సంచీ భుజానికే, మెడకు అడ్డంగా కాదు.

వేదికెక్కితే బెరుకు పోతుంది కదా అని అడిగేవాళ్లకు ఒక సగం ఒప్పుకుంటాను. కొందరికి పోతుంది. మరి ఏడ్చి దిగినవాళ్లకు? వాళ్లకు ఆ బెరుకు రెట్టింపవుతుంది, ఇంట్లో ఆ ఫొటో చూపించి నవ్వడంతో ఇంకా. పద్దెనిమిది మంది ఒకేసారి ఉరుకుతుంటే ఒక్కరివైపే చూసే కళ్లు ఉండవు, బెరుకు పిల్లకు అదే చల్లని చోటు. ఆట మధ్యలో పులి తలపట్టీ వచ్చి తలకు తగిలితే గొంతు తనంతట తనే లేస్తుంది. పోటీ తప్పనిసరి అని బడివాళ్లు పట్టుబడితే ఒక రాజీ ఉంది: మార్కులు వేషానికి వెయ్యకండి, ఆ వేషంతో ఏం చేసిందో దానికి వెయ్యండి. కృష్ణుడైతే ఉట్టి కొట్టాలి, పోస్టుమాన్ అయితే ఐదు ఉత్తరాలు ఐదుగురికి అందించి రావాలి. బాడుగ అంగడి వేషాలు ఆ ఒక్క నియమంతో సగానికి సగం ఇంటికి పోతాయి.

ఉరకడం ఇష్టం లేని పిల్లలూ ఉంటారు. వాళ్లకు మూట అప్పగించండి, మూటకు యజమాని అంటే చిన్న పదవి కాదు. తోకలు లెక్కపెట్టి ఇచ్చేది, కుంటులు లెక్కపెట్టేది, కట్టు పడిందో లేదో తీర్పు చెప్పేది వాళ్లే. రెండో వారానికి వాళ్లే తోక దోపుకుంటామంటారు, అనకపోయినా నష్టం లేదు.

ఆట అయ్యాక మూటను అలాగే విసిరెయ్యకండి. తలపాగాలు, తలపట్టీలు పదిమంది తలలు మారాయి, పేలు కూడా మారి ఉంటాయి. తల వదిలిన పేను రెండురోజులకు మించి బతకదు కాబట్టి వాటిని విడిగా ఒక కవరులో మూతి బిగించి కట్టి రెండురోజులు పక్కన పెట్టండి, ఆ తరవాత ఉతికి ఎండలో వెయ్యండి. వెల్‌క్రోలో ఇరుక్కున్న దారాలూ వెంట్రుకలూ పాత దువ్వెనతో గీకండి, లేకపోతే రెండో వారానికి అంటుకోదు. తోకలు లెక్కకు రెండో మూడో తగ్గుతాయి, పోయాయని వెతక్కండి. ఎవరో ఒకరు నిక్కరుకు దోపుకునే ఇంటికి పోయి ఉంటారు. పసుపు తోకలు రంగు వదిలే రకం అయితే మాత్రం ఆ ఇళ్లకు ఒక మాట చెప్పి పంపండి, తెల్ల యూనిఫారంతో కలిపి నానబెట్టేస్తారు.